తడితాడుతో కట్టిన మంచె

మంచెకి చెట్టు ఎంచడానికే గురువులు రెండు రోజులు తీసుకున్నాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, రెండు కళ్ళలోనూ పొర. అయినా కర్ర పొడుచుకుంటూ కొండ కింద మడుగు చుట్టూ తిరిగి, అల్లుణ్ణి వెతుక్కునే మామలాగా ఒక్కో చెట్టుకీ ఒక్కో వంక పెట్టాడు. ఇప్పచెట్టు వద్దు, ఎలుగు వస్తుంది. నేరేడు వద్దు, కోతులు చేరి గోల చేస్తే దుప్పి నీళ్ళకి దిగదు. నీళ్ళకి ఆనుకుని ఉన్నది అసలే వద్దు, పైనున్న మనిషి రెప్ప వేసినా జంతువుకి తెలిసిపోతుంది. మరీ దూరమైతే మగదో ఆడదో పోల్చుకోలేరు. పొద్దు వీపున ఉండాలి, గాలి నీళ్ళ మీంచి వచ్చి మొహానికి తగలాలి. చివరికి ఒక నల్లమద్ది కింద ఆగి, రొంటిన దోపుకున్న పొట్లంలోంచి చిటికెడు బూడిద తీసి గాలిలోకి వదిలాడు. అది తిరిగొచ్చి తన ముక్కులోనే దూరితే హాయిగా తుమ్మాడు.

"ఇదే సెట్టు," అన్నాడు. "మూడు మడిసిలెత్తులో కొమ్మలు పంగగా సీలినాయా, నేదా? సూసి సెప్పు."

"సీలినాయి మావా," అన్నాడు మంచె కట్టడానికి వచ్చిన కొండలు, తల పైకెత్తి.

"అయితే సరి. కింద ఆకులు తుడిసీకండి. ఏదొచ్చినా సప్పుడు తెలాల."

కుర్రతనంలో గురువులు జమీందార్ల వేటలకి మంచెలు కట్టినవాడు. ఇప్పుడు దుప్పిని కొడితే జైలు. వేట పోయింది గానీ మంచె పోలేదు. దుప్పిని చంపాలనుకున్నవాడు ఎక్కడ కూర్చునేవాడో, దుప్పిని లెక్కపెట్టాలనుకున్నవాడూ అక్కడే కూర్చోవాలి. అదే చెట్టు, అదే గాలి, అదే ఊపిరి బిగపట్టడం. తుపాకీ బదులు పెన్సిలు, అంతే తేడా.

లెక్క పెట్టించేది నాగేంద్రప్రసాద్. బరంపురం హల్దియాపదర్‌లో ఇల్లు, జంతువుల లెక్కలు తీసే ఒక చిన్న సంస్థకి పెద్ద. మే నెలలో ఆస్కా అవతలి కొండల్లో వాగులన్నీ ఎండి, నీళ్ళు నాలుగైదు మడుగుల్లోనే మిగిలినప్పుడు, ఒకే ఒక్క రోజు, పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, అన్ని మడుగుల దగ్గరా ఒకేసారి మనుషుల్ని కూర్చోబెడతాడు. ఒకే మంద రెండు చోట్ల లెక్కలోకి రాకూడదు కదా, అందుకని. ఆ రోజు చెడితే మళ్ళీ ఏడాదికే. ఆ రోజు మడుగు వైపు మనిషన్నవాడు అడుగు పెట్టకూడదు. క్రితం ఏడు ఒకడు మంచె మీద బీడీ వెలిగించాడని ఆ మడుగు లెక్క కాగితం రద్దు చేసి, అతణ్ణి సాయంత్రం బస్సుకే ఇంటికి పంపేశాడు. మంచివాడే, కానీ లెక్క దగ్గర మాత్రం కన్నతల్లినైనా క్షమించడు.

ఈ అడవి గొడవంతా ఆర్యపల్లి సముద్రం మీద బతికే కొండలుకి ఎందుకయ్యా అంటే, కూతురి వల్ల. అమ్ములు ఛత్రపూర్‌లో డిగ్రీ పాసై మూడేళ్ళయింది. మూడేళ్ళూ తల్లితో పాటు ఇసకలో ఎండుచేపలు తిరగేసింది. ఆ వాసన పోయేదాకా ఒళ్ళు తోముకుని నాలుగు ఇంటర్వ్యూలకి వెళ్ళింది, నాలుగుసార్లూ వచ్చి మళ్ళీ చేపలే తిరగేసింది. నాగేంద్రప్రసాద్ ఆఫీసులో ఒక్క ఉద్యోగం ఖాళీ ఉంది. బరంపురంలో కుర్చీ, బల్ల, మెడలో వేలాడే గుర్తింపు కార్డు. ఈ ఒక్క రోజు లెక్క సక్రమంగా పట్టుకొస్తే ఆ కుర్చీ నీదేనమ్మా అని ఆయన మాటిచ్చాడు. గురువులు చేతులు వణుకుతున్నాయి, మంచె కట్టడానికి ఇంకో మనిషి కావాలి అని ఆయన అన్నప్పుడు అమ్ములే నోరు తెరిచింది.

"మా నాన్న తెప్పలు కడతాడు సార్."

చేపలు గుడ్లు పెట్టే కాలం, సముద్రం మీదకి వెళ్ళకూడదని సర్కారు నిషేధం, పడవలన్నీ ఇసకలో బోర్లా పడున్నాయి. కొండలు ఖాళీగానే ఉన్నాడు. కూతురు ఉద్యోగానికి కూర్చునే మంచె తనే కట్టడమంటే ఆ మనిషికి కాళ్ళు నేల మీద ఆనలేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుని బయల్దేరాడు.

చెట్టుకి మేకు కొట్టకూడదన్నారు. నైలాను తాడు వద్దన్నారు, నీలంగా మెరిస్తే జంతువు బెదురుతుందని. ఇక మిగిలింది కొబ్బరి తాడు. అది చేతికి రాగానే కొండలు తాతల నాటి నుంచి ఆ ఇంటి చేతులు ఏం చేస్తున్నాయో అదే చేశాడు, చుట్ట తీసుకెళ్ళి నీళ్ళలో పడేశాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మడుగులో నానబెట్టి, చెట్టుకి కాలు తన్నిపెట్టి లాగి లాగి, పచ్చి వెదుళ్ళని కొమ్మలకి బిగించాడు. తెప్ప దుంగల్ని అలాగే కడతారు. తడిసిన కొబ్బరి తాడు బిగుసుకుంటుంది. కట్టగానే తెప్ప నీళ్ళలోకి పోతుంది, ఒడ్డుకి రాగానే కట్టు విప్పేసి దుంగలు ఎండేస్తారు. కట్టి ఉన్న తాడు కట్టినట్టే ఉండి ఎండిపోవడం అనేది కొండలు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చూడనిదానికి భయపడాలని ఎవడికి తోస్తుంది? అడ్డం చెప్పగలిగిన గురువులు ఆ పూట ఎండదెబ్బ తగిలి బసలో పడుకుని ఉన్నాడు.

సాయంత్రం నాగేంద్రప్రసాద్ స్వయంగా మంచె ఎక్కి, భారీ శరీరమే, నాలుగుసార్లు గెంతాడు. మంచె కిమ్మనలేదు.

"శభాష్ కొండలూ! మా ఇంటి మేడమెట్లు కూడా ఇంత గట్టిగా లేవు," అన్నాడు.

ఆ మాటకి కొండలు రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే అమ్ములు మంచె ఎక్కింది. ఆకుపచ్చ చొక్కా, మెడలో ఈల, చేతిలో అట్టకి బిగించిన కాగితం. పడిపోకుండా నడుముకి పట్టీ, పట్టీకి కొక్కెం. నల్లమద్ది మొద్దు లావు, పట్టీ తాడు దాని చుట్టూ తిరిగి రాలేదు. అందుకని కొక్కేన్ని ముందువైపు అడ్డవెదురుకే తగిలించారు. చెట్టు కింద మడుగు దాకా పరుచుకుని రాతిపలక ఉంది. తాడు నిచ్చెన పైకి లాక్కుని అమ్ములు తండ్రి వైపు చెయ్యి ఊపింది. కొండలు కూడా ఊపి, మిగతావాళ్ళతో కలిసి బసకి నడిచాడు. బసంటే కొండ మలుపు అవతల మైలు దూరంలో రేకుల కొట్టం. అక్కడ ఫోన్లు పలకవు.

తొమ్మిదిన్నర వేళకి వంటమనిషి కట్టెలు అడిగాడు. నిన్న మంచెకి కట్టగా మిగిలిన తాడుతో కొండలే ఒక మోపు కట్టి తెచ్చి ఎండలో పడేశాడు. అదే తాడు, అదే తడి, అదే చెయ్యి. వెళ్ళి మోపు ఎత్తి భుజాన పెట్టుకోబోయాడు. కట్టెలన్నీ జారి బడబడమని కాళ్ళ మీద పడ్డాయి. చేతిలో తాడు గుండ్రంగా వేలాడుతూ ఉండిపోయింది. ముడి ఊడలేదు. ముడి ముడిలాగే ఉంది. లోపల పిడికిలి పట్టేంత సందు ఉంది.

కొండలు ఆ తాడుని వేళ్ళతో నలిపి చూశాడు. ఎండి గరగరలాడుతోంది. కాలి బొటనవేలు చితికి రక్తం కారుతున్న సంగతి అతనికి తెలియనేలేదు.  తాడుని పట్టుకుని గురువులు మంచం దగ్గరికి పరిగెత్తాడు.

"మావా, తాడు తడిపి కట్టినాను."

"ఏ తాడు?"

"మంచెది."

గురువులు లేచి కూర్చున్నాడు. తాడు చేతిలోకి తీసుకుని కళ్ళతో కాక వేళ్ళతో చూశాడు.

"ఎవులు తడపమన్నారురా?"

"మేం అలగే కడతాం మావా. తెప్పకి..."

"తెప్ప నీల్లలో ఉంటాది. ఇది గాల్లో ఉంటాది, ఎండి ఒదులైపోతాది గదేటి!" ముసలివాడి గొంతు పైకి లేచి, అంతలోనే తగ్గిపోయింది. "ఎదురూ పచ్చిదే ఏసినావు. అదీ ఎండి సన్నబడతాది."

"ఆగుతాదా మావా? సాయంత్రం దాకా ఆగుతాదా?"

గురువులు తాడు సందులో వేళ్ళు దూర్చి చూశాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "ఈ మోపు ఎండలో ఉంది, ఆ మంచె నీడలో ఉంది. ఆగితే ఆగొచ్చు. ఆగకపోతే మరి..." అని తాడుని తిరిగి ఇచ్చేశాడు. కొండలుకి ఆ మాట కంటే ఆ ఇచ్చేయడం ఎక్కువ భయం వేసింది.

నాగేంద్రప్రసాద్ కొట్టం వెనక నీడలో మ్యాపు పరుచుకుని ఉన్నాడు. కొండలు చెప్పిందంతా ఓపిగ్గానే విన్నాడు. తాడుని లాగి చూశాడు కూడా.

"నిన్న నేను ఎక్కి గెంతాను కదా కొండలూ. నా బరువెంత, మీ అమ్మాయి బరువెంత?"

"నిన్న తడిగున్నాది బాబూ. ఇప్పుడు ఎండిపోతంటాది. ఒక్కపాలి నన్ను ఎల్లనివ్వండి. సెట్టెక్కి నాలుగు సుట్లు బిగించి దిగిపోతాను. నోరు మెదపను."

"పది దాటితే దుప్పులు దిగే వేళ. నువ్వు వెళ్తే ఈ మడుగు పోయినట్టే. ఈ కొండల్లో పెద్ద మడుగు అది."

"పిల్ల పడిపోతాది బాబూ."

"నడుముకి పట్టీ ఉంది."

"పట్టీ ఆ ఎదురుకే ఉంది! ఎదురు జారితే పట్టీ ఏటి పట్టుకుంటాది?"

నాగేంద్రప్రసాద్ కాసేపు ఆలోచించాడు. అన్యాయం చెప్పకూడదు, నిజంగానే ఆలోచించాడు. "చూడు, కట్టు వదులైతే ముందు కిర్రుమంటుంది, ఊగుతుంది. మీ అమ్మాయి తెలివైనది, తనే దిగి వస్తుంది. ఈల కూడా ఇచ్చాం. కన్నతండ్రివి కాబట్టి నీకు భయం. ఈ రోజు చెడితే ఎవరికి నష్టమో నీకు తెలుసు కదా? పోయి కాస్త చద్దినీళ్ళ పఖాళ తాగి పడుకో," అన్నాడు.

అమ్ములు దిగి రాదు. అది కొండలుకి తెలుసు. మంచె కిర్రుమంటే ఇంకా కదలకుండా కూర్చుంటుంది. నాలుగుసార్లు ఇంటికి తిరిగొచ్చిన పిల్ల అయిదోసారి తనంతట తను మంచె దిగుతుందా? చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే కూడా చెప్పేది కాదు, కాలు వాచాక తల్లి చూసి గోల పెట్టేది. కొండలు పఖాళ గిన్నె ముందు కూర్చున్నాడు. ముద్ద నోటిదాకా పోలేదు. వంటమనిషి అటు తిరగగానే లేచి, కొట్టం వెనక గట్టు దిగి, నడిచాడు.

నడవడం కాదు, పరిగెత్తాడు. బొటనవేలు అడుగడుక్కీ రాతికి తగిలి ప్రాణం తీసింది. పరిగెత్తుతూ రెండుసార్లు ఆగిపోయాడు కూడా. వెళ్తే కూతురు ఉద్యోగం పోతుంది. వెళ్ళకపోతే కూతురే పోవచ్చు. పోవచ్చు, పోకపోవచ్చు. ఆ "పోకపోవచ్చు" అన్నదే అతణ్ణి చంపుకు తింది. ఖాయంగా పడిపోతుందని తెలిస్తే ఎవడి మాటా వినకుండా అరుచుకుంటూ పోయేవాడు. ఖాయంగా పడదని తెలిస్తే పఖాళ తాగి పడుకునేవాడు. ఏదీ తెలియని మనిషి కాలు ఏ వైపు వెయ్యాలి? సముద్రం మీద తుపాను పట్టినప్పుడు కూడా కొండలుకి ఇంత దిక్కుతోచనితనం రాలేదు. అక్కడ కనీసం చెయ్యడానికి తెడ్డు ఉంటుంది.

గురువులు చెప్పిన గాలి గుర్తుంచుకుని చెట్టు వెనక వైపు నుంచే చేరాడు. రాతిదారి అయిపోయేదాకా చప్పుడు లేకుండా రాగలిగాడు. అక్కణ్ణుంచి నల్లమద్ది దాకా ముప్ఫై అడుగులు, అన్నీ ఎండుటాకులు. తుడవొద్దన్న ఆకులే. ఒక్క అడుగు వేస్తే అప్పడాల గంప మీద కాలేసినట్టు మోగుతుంది. కొండలు ఒక మోదుగ మొక్క వెనక మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

మడుగు దగ్గర దుప్పులున్నాయి.

అయిదూ ఆరూ కాదు. ఒడ్డంతా దుప్పులే. మెడలు వంచి తాగుతున్నవి కొన్ని, చెవులు విదిలిస్తూ నిలబడ్డవి కొన్ని. చుక్కల వీపుల మీద ఎండ పడుతోంది. కొమ్ములు ఎత్తిన పోతు ఒకటి రాతిపలక మీదే నిలబడి ఉంది. ఇంకా పొదల్లోంచి ఒకదాని వెనక ఒకటి పిల్లలతో దిగి వస్తూనే ఉన్నాయి. మంచె మీద అమ్ములు బోర్లా పడుకుని, గడ్డం వెదురుకి ఆనించి, పెన్సిలు కదిపీ కదపకుండా గీతలు గీస్తోంది. వెనక నుంచి తండ్రికి ఆమె పాదాలు, జడ, భుజం కనిపిస్తున్నాయి. ఆ పాదాలు సంతోషంతో ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి. ఇంట్లో నచ్చిన కూర వండితే అలాగే చేస్తుంది.

కొండలు చూపు కట్టు మీదకి పోయింది. కుడికొమ్మ దగ్గర తాడు తెల్లబడిపోయి ఉంది. నిన్న వెదురుని కరుచుకుని ఉన్న చుట్టు ఇవాళ వదులుగా వేలాడుతోంది. అమ్ములు కాగితం తిప్పినప్పుడల్లా అడ్డవెదురు లోపల కొద్దిగా పొర్లుతోంది. కిర్రుమన్న చప్పుడు అక్కడిదాకా వినిపించింది. ఆమెకి వినపడకుండా ఎలా ఉంటుంది? వినపడింది. ఒక చెయ్యి మెల్లగా వెనక్కి జరిపి కొమ్మని పట్టుకుంది, పెన్సిలున్న చెయ్యి మాత్రం ఆపలేదు.

కొండలు తువ్వాలు ఊపాడు. ఆమె వెనక్కి చూడలేదు, చూడదు, చూపంతా నీళ్ళ మీదే. చిన్న రాయి విసురుదామా అనుకున్నాడు, ఉలిక్కిపడితే? పాకుతూ పోదామని ఒక చెయ్యి ముందుకి వేశాడు, ఆకు చిటుక్కుమంది, ఒడ్డున నాలుగు తలలు ఒక్కసారి పైకి లేచాయి. చెయ్యి అలాగే ఉంచేశాడు. చాలాసేపటికి ఆ తలలు మళ్ళీ నీళ్ళ మీదకి వంగాయి. కొండలు ఊరి అమ్మవారికి మొక్కుకున్నాడు. ఏమని మొక్కుకోవాలో కూడా తెలియలేదు. తాడు ఆగాలనా, దుప్పులు తొందరగా తాగి పోవాలనా? "తల్లీ, తల్లీ" అన్నాడంతే.

వెనకగా వచ్చిన ఆడదుప్పులు పొద చాటున ఆగాయి, వాటి పిల్లలు సరిగ్గా కనబడటం లేదు. అమ్ములు వాటిని చూడటానికి మోచేతుల మీద లేచి, మోకాళ్ళ మీదకి వచ్చి, ముందుకి వంగింది. కుడివైపు అడ్డవెదురు చుట్టులోంచి ముందుకి జరిగింది. బెత్తెడు జరిగింది. కొండలు కళ్ళారా చూశాడు.

"అమ్ములూ! దిగే! దిగిపోయే తల్లీ!"

ఆ కేక తన గొంతులోంచే వచ్చిందని అతనికి తర్వాత గానీ తెలియలేదు. ఒడ్డు ఒక్కసారి పేలినట్టయింది. గిట్టల చప్పుడు, నీళ్ళు చెదిరిన చప్పుడు, పొదలు విరిగిన చప్పుడు. రెండు క్షణాల్లో మడుగు దగ్గర బురదనీళ్ళు తప్ప ఏమీ లేవు. అమ్ములు కొమ్మని రెండు చేతులా కౌగిలించుకుని, మొహం తెల్లబోయి, వెనక్కి తిరిగి చూసింది.

"నాన్నా?"

"కదలకు! ఆ కొమ్మనే పట్టుకో. కొక్కెం తీసీ. నిచ్చెన ఒదిలీ. మెల్లగ. మెల్లగ దిగు."

ఆమె దిగింది. దిగి రాతిపలక మీద నిలబడింది. కొండలు ఆమె భుజాలు, చేతులు, తల తడిమి తడిమి చూశాడు. ఎక్కడా దెబ్బ లేదు. అమ్ములు ఏడవలేదు, కసరలేదు. చేతిలో కాగితం చూసుకుంది.

"ముప్పయ్యొకటి నాన్నా," అంది. "ముప్పయ్యొకటి లెక్కెట్టీసేను. ఇంకా వస్తన్నాయి."

"కట్టు జారిపోతంది అమ్మా. తాడు తడిపి కట్టీసేను నాను. ఎండిపోనాది. ఎదురు జారడం సూసేను."

"నాకు తెలుసు నాన్నా. కిర్రుకిర్రుమంటన్నాది. కొమ్మ పట్టుకుని ఉన్నాను కదా? ఇంకో గంట ఆగితే మంద తాగీసి పోయేది." అంతే అంది.  ఆమె రెండు తిట్లు తిట్టి ఉంటే కొండలు బతికిపోయేవాడు.

కొండలు బసలో లేడని తెలుసుకుని బయల్దేరిన నాగేంద్రప్రసాద్ అరగంటకి వగరుస్తూ వచ్చాడు. ఒడ్డున తొక్కిసలాడిన గిట్టల గుర్తులు చూశాడు, అమ్ములు చేతిలో కాగితం చూశాడు. నిచ్చెన పట్టుకుని మంచె ఎక్కాడు. అంత భారీ మనిషీ నడిమధ్యన నిలబడి, కొమ్మ పట్టుకుని, గెంతాడు. మంచె కిర్రుమంది. మళ్ళీ గెంతాడు. కిర్రుమంది, ఊగింది, నిలబడింది.

"కుడిపక్క సూడండి బాబూ!" కింద నుంచి కొండలు అరిచాడు. "సుట్టులో రెండేల్లు పడతాయి. బెత్తెడు జారినాది, నాను సూసేను."

ఆయన వంగి చూశాడు, వేళ్ళు పెట్టి కూడా చూశాడు. "పడుతున్నాయి కొండలూ. ఏ కట్టుకైనా పడతాయి. జారితే జారి ఉండొచ్చు. కానీ పడలేదు కదా?" అని దిగి వచ్చాడు.

పడలేదు.  పడి ఉంటే కొండలు మాటకి సాక్ష్యం ఉండేది. పడలేదు కాబట్టి అతను కూతురు ఉద్యోగం చెడగొట్టిన పిరికి తండ్రి, అంతకు మించి ఏమీ కాడు.

"కాగితం ఇయ్యమ్మా," అన్నాడు నాగేంద్రప్రసాద్. అమ్ములు ఇచ్చింది. ఆయన గీతలు చూసి, నిట్టూర్చి, దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "చాలా బాగా రాశావు. కానీ దీన్ని లెక్కలో వెయ్యలేను. చెదిరిన మంద ఇప్పుడు ఇంకో మడుగుకి పోతుంది, అక్కడివాళ్ళూ రాస్తారు. నిన్ను తీసుకుంటే క్రితం ఏడు పంపేసినవాడు నన్ను అడుగుతాడు. నా చేతుల్లో ఏమీ లేదమ్మా. సాయంత్రం జీపులో మీ ఇద్దర్నీ ఆస్కాలో దింపిస్తాను, బరంపురం బస్సు దొరుకుతుంది."

"సరే సార్," అంది అమ్ములు. ఆయన కొండలు వైపు ఒకసారి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

 కొండలు నిచ్చెన పట్టుకుని మంచె ఎక్కాడు. అమ్ములు అక్కడ మరిచిపోయినదేదో తేవడానికనుకుంది. కొండలు మంచె మధ్యకి పోయి, రెండు కాళ్ళూ ఎత్తి దభాలున గెంతాడు. మంచె ఊగింది. ఇంకోసారి గెంతాడు. కుడిపక్కకి పోయి ఆ వదులైన కట్టు మీదే కాలు వేసి గెంతాడు.

"ఊడు," అన్నాడు. "ఊడవే. ఎందుకు ఊడవు? పిల్ల కూకున్నప్పుడు జారినావు కదేటి? ఇప్పుడు జారు. జారవే!"

కొమ్మల మీంచి ఎండుపుల్లలు రాలాయి. తాడు కిర్రుమంది, వెదురు పొర్లింది, ఊడలేదు. కొండలు చెమటతో, కన్నీళ్ళతో మొహం తడిసిపోయి గెంతుతూనే ఉన్నాడు. గెంతుతూ ఉండగా తను ఏం కోరుకుంటున్నాడో అతనికే స్పష్టంగా తెలిసింది. కన్నకూతురు ఇప్పటిదాకా పడుకుని ఉన్న మంచె కూలిపోవాలని, కూలిపోయి ఉండాల్సిందేనని, దేవుడికి చెప్పుకుంటున్నాడు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. అయినా కాళ్ళు ఆగలేదు.

"నాన్నా," కింద నుంచి అమ్ములు పిలిచింది. "దిగు నాన్నా. పడిపోతావు."

కొండలు ఆగాడు. పొద్దుటి నుంచి ఆ మాట తను ఎంతమందికి చెప్పాడో! పడిపోతుంది, పడిపోతుంది అని. ఇప్పుడు అదే మాట కూతురు తనకి చెబుతోంది. మంచె అంచు మీంచి తొంగి చూశాడు. కూతురు తల ఎత్తి, రెండు చేతులూ ఎత్తి, పడితే పట్టుకునేదానిలా రాతిపలక మీద నిలబడి ఉంది.

"నాను సెప్పింది నిజమే అమ్మా. జారినాది," అన్నాడు.

"నిజమే నాన్నా. బేగి దిగు."

నమ్మి అందో, దింపడానికి అందో అతనికి తెలియలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది. చితికిన బొటనవేలు పైకెత్తుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ కిందకి దిగడం మొదలుపెట్టాడు. నిచ్చెన ఊగకుండా అమ్ములు రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుని నిలబడింది.